అద్దంలాంటి ఐసు ఇంట్లోనే: అటక మీది హాట్‌ప్యాక్‌తో

మా బావ సంక్రాంతికి ఎప్పుడొచ్చినా ఏదో ఒకదానికి వంక పెట్టకుండా వెళ్లడు. ఆ ఏడు ఐసు వంతు వచ్చింది. డాబా మీద గ్లాసు లైటుకెత్తి చూసి, "ఏంట్రా బామ్మర్దీ, ఇందులో సుద్దముక్కలేశావా?" అన్నాడు. ఒక గుక్క తాగాక, "సుద్దముక్కలు కావులే, రొయ్యలు" అని తనే సరిచేశాడు. మా అమ్మ ఫ్రీజర్లో ఒలిచిన రొయ్యలు పెట్టింది మరి. పండక్కి మా భీమవరం వైపు ఏ ఇంటి ఫ్రీజరైనా అంతే.

ఆ మాట మనసులో పెట్టుకుని రెండేళ్లు ఫ్రీజర్‌తో కుస్తీ పట్టాను. తేలిందేమిటంటే, మంచి ఐసుకి ఖరీదైన నీళ్లు అక్కర్లేదు, రెండుసార్లు కాచక్కర్లేదు, మెషీను కొనక్కర్లేదు. నీళ్లు ఏ వైపు నుంచి గడ్డకట్టాలో మనం నిర్ణయిస్తే చాలు. పెళ్లికొచ్చిన హాట్‌ప్యాక్ ఒకటి అట్టపెట్టెతో సహా అటక మీద ఉంటుంది కదా. దాన్ని దించండి.

ఐసు తెల్లగా ఎందుకవుతుంది

నీళ్లు గడ్డకట్టేటప్పుడు తమలో వేరేవాటికి చోటివ్వవు. కరిగి ఉన్న గాలిని, లవణాలను ఇంకా గడ్డకట్టని నీళ్లలోకి నెట్టుకుంటూ పోతాయి. మామూలు ట్రేలో చలి పైనుంచి, పక్కలనుంచి, కిందనుంచి ఒకేసారి వస్తుంది. ముందు చుట్టూ పెంకులా గడ్డకడుతుంది, చెత్తంతా మధ్యకు చేరుతుంది. ఆఖర్న మధ్యభాగం గడ్డకట్టే సమయానికి గాలి పోవడానికి దారుండదు. అక్కడే సన్నటి బుడగలుగా చిక్కుకుపోతుంది. మనకు కనిపించే తెలుపు చాలావరకు ఆ బుడగలే. పైగా నీళ్లు ఐసైతే సుమారు 9 శాతం ఉబ్బుతాయి. మధ్యభాగం ఉబ్బి పెంకును లోపల్నుంచి తోస్తుంది కాబట్టి బీటలు కూడా అక్కడే పడతాయి.

ఐసు ఫ్యాక్టరీ గడ్డ ఎప్పుడైనా పరీక్షగా చూశారా? ఉప్పునీటి తొట్టెలో దించిన పొడుగాటి డబ్బాల్లో ఆ గడ్డలు కడతాయి. నాలుగు పక్కల నుంచీ చలి తగులుతుంది కాబట్టి బయటంతా తేటగా ఉండి, నడిమధ్య నిలువునా తెల్లటి కాడ ఉంటుంది. అరటి బోదె మధ్యలో దూట ఉన్నట్టే. మనకు ఆ దూట వద్దు.

చలి ఒక్క పైవైపు నుంచే తగిలితే గడ్డ పైనుంచి కిందికి పొరపొరగా దిగుతుంది. గాలీ లవణాలూ కిందికి పోతూ ఉంటాయి. కింద ఇంకా నీళ్లుండగానే గడ్డను బయటికి తీసేస్తే పైభాగం అద్దంలా ఉంటుంది, మురికంతా అడుగు నీళ్లలో మిగిలిపోతుంది. ఉపాయం మొత్తం ఇంతే. చలిదేశాల చెరువులు గడ్డకట్టేది ఇలాగే. పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికా చెరువుల ఐసు కోసి ఓడల్లో కలకత్తాకు, మద్రాసుకు తెచ్చి అమ్మారు. ఆ ఐసు దాచడానికి 1842లో మద్రాసు సముద్రం ఒడ్డున కట్టిన ఐస్ హౌసే ఇప్పటి వివేకానంద ఇల్లం. అదే పద్ధతిని ఇంటి ఫ్రీజర్లోకి తెచ్చి, మూతలేని ఐసు పెట్టెతో చేసి చూపించింది క్యాంపర్ ఇంగ్లీష్ అనే అమెరికా రచయిత, 2009లో. ఇప్పుడు పెద్ద బార్లలో గ్లాసులో పడే తేటగడ్డల వెనకున్నదీ ఇదే సూత్రం.

నీళ్ల సంగతి

కాచిన నీళ్లతో ఐసు తేటగా వస్తుందని అందరూ చెబుతారు. నేనూ నమ్మి ఒకసారి కాచి, ఇంకోసారి రెండుమార్లు కాచి ట్రేలో పోశాను. పక్కపక్కన పెడితే తేడా ఉందేమో అనిపించింది. గ్లాసులో వేస్తే అదీ లేదు. కాస్తే కరిగిన గాలి కొంత పోతుంది నిజమే, కానీ చల్లారేలోగా మళ్లీ కొంత చేరుతుంది. అన్ని వైపులా గడ్డకట్టే ట్రేలో ఆ కొంచెమూ మధ్యలోనే ఇరుక్కుంటుంది. గ్యాసు దండగ.

నీళ్ల రుచి మాత్రం లెక్కలోకి వస్తుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, వాటితో చేసిన ఐసు కరిగిన కొద్దీ గ్లాసులోని డ్రింకు రుచి చెడుతుంది. మనం తాగే నీళ్లు ఏవైతే అవే వాడండి. మా ఇంట్లో ఆర్వో ప్లాంటు టిన్నే. వరద రోజుల్లో కాలువ నీళ్లు ఎర్రగా వస్తే మా నాయనమ్మ బిందెలో చిల్లగింజ అరగదీసి కలిపేది, తెల్లారేసరికి మన్నంతా అడుగుకి దిగేది. తాగడానికి అది బాగానే ఉండేది. ఐసు తెల్లబడటానికి కారణం మన్ను కాదు కాబట్టి ఆ గింజ ఇక్కడ పనికిరాదు.

గడ్డకట్టినంత మాత్రాన నీళ్లలోని క్రిములు చావవు. తాగడానికి పనికిరాని నీళ్లు ఐసుకీ పనికిరావు. చేపలకీ రొయ్యలకీ వాడే ఫ్యాక్టరీ ఐసు చవగ్గా దొరుకుతుంది కదా అని గ్లాసులోకి తేకండి. తినడానికి పనికిరాని ఐసుకి నీలం రంగు కలపాలని ఆహార భద్రతా సంస్థ 2018 నుంచి నిబంధన పెట్టింది. గడ్డకు నీలిచాయ ఉంటే అది చేపలదని అర్థం. తెల్లగా ఉంటే తాగేదని కాదు, రంగు కలపనివాళ్లూ ఉంటారు. దాన్ని సీసాల చుట్టూ పేర్చడానికి వాడుకోండి.

ముందు ఫ్రీజర్ శుభ్రం

ఐసు వాసన పీలుస్తుంది. మూతలేని గిన్నెలో ఒక రోజంతా ఉండే నీళ్లు ఇంకా పీలుస్తాయి. పులస సీజనులో మా ఫ్రీజర్ తలుపు తీస్తే వీధి మొదటికి తెలుస్తుంది. ఆవకాయ, పనసతొనలు, ఎండుచేపలు కింది అరల్లో ఉన్నా ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో గాలి అంతటా తిరుగుతుంది కాబట్టి పైకి వస్తాయి.

వంటసోడా కలిపిన గోరువెచ్చటి నీళ్లతో గుడ్డ తడిపి ఫ్రీజర్ తుడవండి. రొయ్యలు, చేపలు రెండేసి కవర్లలో కట్టి, మళ్లీ మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టండి. డబ్బా తప్పనిసరి, పల్చటి కవరు ఒక్కటే ఉంటే వాసన ఆగదు. మా ఇంట్లో ఈ పనికి ఐసు కంటే ఎక్కువ రాయబారం కావాల్సి వచ్చింది. "నీ మందులో ముక్కల కోసం నా రొయ్యలు ఖాళీ చేయాలా?" అంది అమ్మ. నిమ్మసోడాలోకి కూడా అని చెప్పాక ఒప్పుకుంది.

గడ్డ కట్టించడం

కావాల్సింది చలి లోపలికి దిగని పాత్ర, పైన మూత లేకుండా. రెండు రెండున్నర లీటర్ల హాట్‌ప్యాక్ బాగా పనికొస్తుంది. లోపల ప్లాస్టిక్ ఉన్నదైతే మరీ మంచిది. స్టీలుదైతే అంచు నుంచి చలి గోడల వెంట కొంచెం కిందికి జారుతుంది, గడ్డ చుట్టూ పల్చటి పెంకు కడుతుంది. దాన్ని తర్వాత చెక్కేయొచ్చు. చిన్న ఐసు పెట్టె ఫ్రీజర్లో పడితే అంతకంటే కావాల్సింది లేదు. రొయ్యలు ఎగుమతి చేసే థర్మాకోల్ పెట్టెలు మా వైపు ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి గానీ, ఒకసారి సరుకు ఎక్కిన పెట్టె వద్దు. ఎంత కడిగినా వాసన పోదు. మా బావ అన్న మాట మళ్లీ వినాల్సొస్తుంది.

నీళ్లు నిదానంగా, గిన్నె గోడకి ఆనించి పోయండి. పంపు కింద జోరుగా పడితే బుడగలు చేరతాయి. అంచుకి రెండు వేళ్ల మందం ఖాళీ ఉంచండి, ఉబ్బడానికి. పోశాక ఒక పది నిమిషాలు కదపకుండా వదిలేస్తే పైకి తేలే బుడగలు పోతాయి. నీళ్లు మామూలు చల్లదనంలో ఉంటే చాలు. వేడినీళ్లు ఫ్రీజర్లో పెడితే పక్కనున్నవన్నీ మెత్తబడతాయి.

మూత తీసేసి ఫ్రీజర్లో సమంగా కూర్చోబెట్టండి. పైన కనీసం బెత్తెడు జాగా ఉండాలి, చలిగాలి నీళ్ల మీద తిరగాలి కదా.

ఇక ఓపిక. మా డబుల్ డోర్ ఫ్రిజ్‌లో, మైనస్ 18 దగ్గర, రాత్రి 9కి పెడితే మర్నాడు సాయంత్రం 5, 6 గంటలకి రెండంగుళాల పైచిలుకు మందం దిగుతుంది. మీ ఫ్రీజర్ బలాన్ని బట్టి, కరెంటును బట్టి ఇది నాలుగైదు గంటలు అటూ ఇటూ అవుతుంది. మొదటిసారి 16 గంటలకి ఒకసారి, ఆపైన రెండు గంటలకోసారి చూసి మీ లెక్క రాసుకోండి. గిన్నెను కొద్దిగా వంచితే అడుగున నీళ్లు కదిలే చప్పుడు వినిపిస్తుంది. మూడింట రెండు వంతులు గడ్డ, ఒక వంతు నీళ్లు ఉన్నప్పుడు తీయాలి.

నేను రెండోసారి చేసినప్పుడు మర్చిపోయి రెండు రోజులు వదిలేశాను. అడుగు నీళ్లు కూడా గడ్డకట్టి, ఎటూ పోవడానికి దారి లేక, హాట్‌ప్యాక్ లోపలి గిన్నెను అడుగు నుంచి పగలగొట్టేశాయి. అది మా అమ్మ పుట్టింటి సామాను. ఆ తర్వాత పదిహేను రోజులు ఫ్రీజర్ నాకు నిషేధం.

తీశాక సింకులో బోర్లించి వదిలేయండి. పది పదిహేను నిమిషాల్లో గడ్డ అంచులు కరిగి దానంతటదే జారుతుంది. కత్తి గుచ్చి పెకలించకండి, వేడినీళ్లు పోయకండి, రెండింటికీ గడ్డ బీటలిస్తుంది. కిందనున్న నీళ్లు పారబోసి, గడ్డ అడుగున కనిపించే మసకభాగాన్ని, చుట్టూ ఉన్న పెంకును చాకుతో తట్టి తీసేస్తే మిగిలింది అసలు సరుకు.

సింగిల్ డోర్ ఫ్రిజ్ ఉన్నవాళ్ల కష్టం వేరు. అందులో చలి పుట్టేదే ఫ్రీజర్ గోడల్లో, అడుగు పలకలో. ట్రే పెడితే కిందనుంచే గడ్డకడుతుంది, మనకి కావాల్సినదానికి పూర్తి తలకిందులు. కాబట్టి గిన్నె కింద అంగుళం మందం థర్మాకోల్ ముక్క ఉండాలి. జాగా తక్కువ కాబట్టి పెద్ద హాట్‌ప్యాక్ పట్టదు. మూడు నాలుగంగుళాల ఎత్తున్న ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, పిల్లల ప్రాజెక్టులకి కొనే థర్మాకోల్ షీటు కోసి అడుగున, నాలుగు పక్కలా టేపుతో అంటించండి. పైన వదిలేయండి. లోపల మంచు పేరుకుపోయి ఉంటే ముందు డీఫ్రాస్ట్ చేయాలి. గడ్డ చిన్నదే వస్తుంది గానీ నలుగురికి సరిపోతుంది.

తలుపు మాటిమాటికీ తీయకండి. కరెంటు పోయి వచ్చినా, తలుపు తీసి మూసినా గడ్డలో అడ్డంగా సన్నటి మసక గీత పడుతుంది. వేసవిలో కోతలున్న రోజుల్లో ఈ గీతల్ని లెక్కపెట్టి కరెంటు ఎన్నిసార్లు పోయిందో చెప్పొచ్చు. రుచికేమీ కాదు, చూపుకే.

కోయడం

ఫ్రీజర్లోంచి అప్పుడే తీసిన గడ్డ మీద కత్తి వేస్తే ముక్కలు మనకి నచ్చినట్టు కాదు, దానికి నచ్చినట్టు అవుతాయి. ముందు పీట మీద తువ్వాలు మడిచి పరిచి, దానిపై గడ్డ పెట్టి వదిలేయండి. మొదట పైన తెల్లటి పొడి నూగు ఉంటుంది. ఐదారు నిమిషాలకు ఆ నూగు తడిగా మారుతుంది. ఇంకాసేపటికి గడ్డ ఒక్కసారిగా తేటపడి, కింద తువ్వాలు మీది పూలు కనిపిస్తాయి. కోయాల్సింది ఆ క్షణంలో. మా వేసవిలో పది నిమిషాలు, సంక్రాంతి చలిలో పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది.

రంపం పళ్లున్న బ్రెడ్ చాకుతో, కావాల్సిన చోట గీత గీసినట్టు ముందుకీ వెనక్కీ లాగి పావంగుళం లోతు గాడి చేయండి. నాలుగు పక్కలా అదే గాడి తిప్పితే మరీ మంచిది. చాకు ఆ గాడిలో నిలబెట్టి, దాని వీపు మీద పచ్చడి బండతోనో చెక్క సుత్తితోనో చిన్నగా రెండు దెబ్బలు వేయండి. టక్కుమని తిన్నగా విడిపోతుంది. గట్టిగా బాదాల్సి వచ్చిందంటే గాడి చాలలేదని అర్థం. కత్తిపీట మీద ప్రయత్నించకండి, తడి గడ్డ జారితే చెయ్యి తెగుతుంది. గడ్డ పట్టుకునే చేతికి పొడిగుడ్డ చుట్టుకోండి.

అన్నిటికంటే ముందు చేయాల్సింది ఒకటుంది, నేను ఆఖర్న చేశాను: గ్లాసు నోరు కొలవండి. రెండంగుళాల చక్కటి ముక్కలు పన్నెండు కోసి, పెట్టి చూస్తే మా ఇంట్లో ఒక్క గ్లాసులోనూ దిగలేదు. అన్నీ టీ గ్లాసులకి అన్నదమ్ములే. మళ్లీ అన్నిటినీ నిలువునా చీల్చాల్సి వచ్చింది. సోడా పోసుకునే పొడుగు గ్లాసులకైతే చతురస్రం కంటే చెరకు ముక్కలా పొడవాటి కడ్డీ మేలు, గ్లాసు నిండుగా నిలబడుతుంది.

పెద్ద ముక్క, చిన్న ముక్క: లెక్క చూద్దాం

ఒక గ్రాము ఐసు కరగడానికి 80 క్యాలరీల వేడి లాక్కుంటుంది. అదే గ్రాము మైనస్ 18 నుంచి సున్నాకి రావడానికి తీసుకునేది 9 క్యాలరీలే. అంటే ఐసు చల్లబరిచేది ముఖ్యంగా కరగడం వల్లే. కరక్కుండా చల్లబరిచే ఐసు లేదు. ఎంత కరగాలన్నదే మన చేతిలో ఉంది.

మధ్యాహ్నం 32 డిగ్రీల దగ్గరున్న మజ్జిగ 200 మిల్లీలీటర్లు తీసుకుని 5 డిగ్రీలకు దించాలనుకుందాం. 200ని 27తో గుణిస్తే 5400 క్యాలరీలు. దానికి 60 గ్రాముల పైచిలుకు ఐసు కరగాలి. మజ్జిగలో 60 మిల్లీలీటర్ల నీళ్లు పోసినట్టే. అదే మజ్జిగ ఫ్రిజ్‌లో 8 డిగ్రీలకు చల్లబడి ఉంటే కరగాల్సింది 7 గ్రాములు. గ్లాసులు, సోడా, జ్యూసు, నీళ్లు అన్నీ ముందే ఫ్రిజ్‌లో పెట్టుకోవాలని నేను మొత్తుకునేది ఇందుకే. తేట ఐసు చేయడం కుదరకపోయినా ఇదొక్కటి చేయండి, డ్రింకు సగం బాగుపడుతుంది.

ఇక సైజు. రెండంగుళాల ముక్క అంటే ఒక్కో పక్క 5 సెంటీమీటర్లు. దాని ఒంటి వైశాల్యం 150 చదరపు సెంటీమీటర్లు. అదే ఐసును 8 చిన్న ముక్కలు చేస్తే వైశాల్యం 300 అవుతుంది. డ్రింకుకి తగిలే చోటు రెట్టింపు కాబట్టి చల్లబడటమూ కరగడమూ వేగమవుతాయి. గుండ్రంగా చేస్తే 121కి తగ్గుతుంది. గుండు చూడ్డానికి బాగుంటుంది గానీ మార్కెట్లో దొరికే రబ్బరు అచ్చులు అన్ని వైపులా గడ్డకట్టించి మధ్యలో మళ్లీ దూటే తెస్తాయి. నా దృష్టిలో చేత్తో కోసిన గడ్డ చాలు.

దేనికి ఏ ఐసు

విస్కీగానీ రమ్ముగానీ నిదానంగా, నీళ్లు కలపకుండా తాగేవాళ్లకి ఒక్కటే పెద్ద ముక్క. ఓల్డ్ ఫ్యాషన్డ్ లాంటి కాక్‌టెయిల్‌కీ అంతే. గదిలో ఉన్న విస్కీని ఫ్రీజర్లోంచి అప్పుడే తీసిన గడ్డ మీద పోస్తే టపటపమని పగిలిపోతుంది. కోసే ముందు చేసినట్టే ఇక్కడా రెండు మూడు నిమిషాలు ఆగి, గడ్డ పైన తడి మెరిశాక పోయండి. మన దగ్గర అమ్మే వోడ్కా, జిన్నులు సాధారణంగా 42.8 శాతం ఆల్కహాలుతో ఉంటాయి, ఇంటి ఫ్రీజర్లో గడ్డకట్టవు. సీసాను రాత్రే ఫ్రీజర్లో పడేస్తే ఐసు అవసరమే సగానికి పడిపోతుంది.

షేకర్లో ఆడించే వాటికి తేట ఐసు వేయడం నా లెక్కలో పాపం. ఎలాగూ వడగట్టి పారేసేదే. ట్రేలో చేసిన అంగుళం ముక్కలు చాలు, కాకపోతే గట్టిగా పొడిగా ఉండాలి. కరుగు పట్టిన తడి ముక్కలు వేస్తే పన్నెండు సెకన్లలో సగం నీళ్లు. షేకర్ లేకపోతే గట్టి మూతున్న సీసా.

సోడా కలిపే వాటికి కడ్డీలు. గరుకుగా నూగుపట్టిన ఐసు మీద సోడా పోస్తే బుసబుసా పొంగి గ్యాసంతా పోతుంది, ఎందుకంటే ప్రతి గరుకు చోటా బుడగ పుట్టడానికి ఆధారం. కడ్డీని ఒకసారి చన్నీళ్లలో ముంచి తీస్తే ఒళ్లు నున్నబడుతుంది. సోడాని గ్లాసు గోడ వెంట జార్చండి. రామచంద్రపురం ఆర్టోస్ గానీ, సుగంధి కలిపిన సోడా గానీ ఇలా పోసుకుంటే ఆఖరి గుక్కదాకా జిల్లు ఉంటుంది.

కొట్టిన ఐసు చెరకురసానికి, పుదీనా వేసే డ్రింకులకి, ముంజలు చిదిపి చేసే షర్బతుకి. ఉతికిన మందపాటి నూలుసంచిలో ముక్కలు పోసి, మూతి తిప్పి పట్టుకుని రోకలితో దంచండి. గుడ్డ కరిగిన నీళ్లని పీల్చేసుకుంటుంది కాబట్టి పొడి ఐసు వస్తుంది. ప్లాస్టిక్ కవరులో దంచితే బురద వస్తుంది. మిక్సీలో వేస్తే ఇంకా బురద, పైగా మిక్సీ బ్లేడు మొద్దుబారుతుంది.

కొబ్బరినీళ్లకి మాత్రం నేను మామూలు ఐసు వేయను. ఒక బొండం నీళ్లు ట్రేలో పోసి గడ్డకట్టించి, ఆ ముక్కల్నే ఇంకో బొండం నీళ్లలో వేస్తాను. చక్కెర, లవణాలు ఉంటాయి కాబట్టి అవి తేటగా రావు, పాలరంగులోనే ఉంటాయి. ఎంత కరిగినా పల్చబడదు, అది ముఖ్యం. జిన్నులో కొబ్బరినీళ్లు కలిపేవాళ్లు ఇది ఒకసారి చేసి చూడండి. రాజమండ్రి రోజ్ మిల్క్‌లో ఐసు ముక్క తేలుతూ ఉంటే చూడలేను, పాలే చల్లగా ఉండాలి. కల్లుకి ఐసు అడిగినవాణ్ని మా ఊళ్లో ఇప్పటికీ గుర్తుపెట్టుకున్నారు.

ఐసులో దబ్బాకు గానీ పుదీనా గానీ కనిపించేలా పెట్టాలంటే మొదటే వేస్తే కుదరదు, ఆకు తేలి పైన అంటుకుని నల్లబడుతుంది. ముందు అంగుళం మందం కట్టిన తేటగడ్డను చిన్న ముక్కలుగా కోయండి. ట్రే గుంటలో ఒక ముక్క పెట్టి, దానిపై ఆకు పరిచి, ఫ్రిజ్‌లో చల్లబడ్డ నీళ్లు చెంచాడు పోసి ఒక అరగంట ఫ్రీజర్లో పెట్టండి. ఆకు అతుక్కున్నాక దానిపైన ఇంకో ముక్క పెట్టి, మళ్లీ చెంచాడు నీళ్లు. అతుకు దగ్గర సన్నగా మసక ఉంటుంది. ఆకు వెనకాల కాబట్టి ఎవరూ పట్టుకోలేరు. దబ్బాకు ముక్క మజ్జిగలో కరుగుతూ ఉంటే వచ్చే వాసన గురించి చెప్పడం నావల్ల కాదు.

దాచడం, మోసుకెళ్లడం

కోసిన ముక్కల్ని వెంటనే కవర్లో పోస్తే తెల్లారేసరికి ఒకే బండ అవుతాయి. పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి ఒక గంట ఫ్రీజర్లో ఆరనివ్వండి. తర్వాత జిప్ కవర్లో వేసి, గాలి నొక్కేసి, మూత డబ్బాలో పెట్టండి. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రీజర్లో మూతలేకుండా వదిలేస్తే ముక్కలు కరక్కుండానే ఆవిరై చిక్కిపోతాయి. నెల దాటితే వాసన కూడా పట్టుకుంటాయి. నేను మూడు వారాలకి మించి ఉంచను.

పండక్కి పదిమంది వస్తారనుకుంటే మనిషికి కిలోకి కొంచెం తక్కువ లెక్క వేసుకోండి, సీసాలు చల్లబరిచే ఐసు కాకుండా. ఒక హాట్‌ప్యాక్ నుంచి రోజుకి పనికొచ్చేది కిలో, కిలోంబావు వస్తుంది. అంతా తేట ఐసే కావాలంటే వారం పైన పడుతుంది, అది వెర్రి. పెద్ద ముక్కలు మనిషికి రెండు చొప్పున తేటవి, మిగతావి ట్రేవి. భోగికి నాలుగు రోజుల ముందు మొదలుపెడితే సరిపోతుంది.

చెరువు గట్టు మీద మకాం దగ్గర కూర్చునే అలవాటుంటే థర్మాకోల్ పెట్టె ముందురోజు రాత్రే ఫ్యాక్టరీ ఐసుతో చల్లబరచండి, వేడి పెట్టెలో మంచి ఐసు వేస్తే దారిలోనే కొంత పోతుంది. తేట ముక్కలున్న డబ్బాని దానిలో పెట్టి, చుట్టూ ఖాళీల్లో ఫ్యాక్టరీ ముక్కలు కూరి, పైన తడి గోనె పరవండి. ఇంకా ఎక్కువసేపు నిలవాలంటే పెట్టెను పెద్ద అట్టపెట్టెలో దించి మధ్య సందులో మిల్లు ఊక పోయండి. ఐసు గడ్డల్ని లారీల్లో ఊకలో కప్పి తెచ్చిన రోజుల్లో పనిచేసిన ఊకే ఇప్పుడూ పనిచేస్తుంది. డబ్బా మూత సందుల్లోకి మాత్రం పోకుండా చూసుకోండి. పోయినసారి మా బావ గ్లాసులో ఐసు అద్దంలాగే ఉంది. దానిమీద ఒక ఊకపొట్టు తేలుతోంది.